స్పర్శ లేని ఒంట్లో నొప్పి, పట్టని నిద్ర



"కాళ్లూ చేతుల్లో స్పర్శే లేదంటున్నారు, మరి నొప్పెక్కడిది?" మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారిని చాలామంది అడిగే మాట ఇది. వినేవారికి ఎంత బాధో! ఆ నొప్పి నిజం. దెబ్బతిన్న నరాలే దాన్ని పుట్టిస్తాయి. మంటలా, కరెంటు షాకులా, సూదులు గుచ్చినట్టు వస్తుంది. మామూలు నొప్పి మాత్రలకు అంతగా లొంగదు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటి మందులు కొందరికి ఉపశమనమిస్తాయి. డాక్టరు చెబితేనే మొదలుపెట్టాలి. డాక్టరు చెబితేనే ఆపాలి.

ఇక నిద్ర. చీకటి పడిందన్న మెదడు కబురు మెడలోని వెన్నుపాము గుండా వెళ్తేనే నిద్ర హార్మోను మెలటోనిన్ విడుదలవుతుంది. ఆ దారి పూర్తిగా తెగితే నిద్ర గాడి తప్పుతుంది. పైగా ఒంటికి పుండ్లు పడకుండా రాత్రిళ్లు వారిని పక్కకు తిప్పాలి, దాంతోనూ నిద్ర చెదురుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా? అది స్లీప్ ఆప్నియా కావచ్చు. వీరిలో అది ఎక్కువ. అది తేలకముందే నిద్రమాత్ర వేయకండి.

ఒక ముఖ్యమైన మాట. వీరికి హఠాత్తుగా తలపోటు, ముఖాన చెమట వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. వెంటనే కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం గొట్టం మడతపడిందేమో చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

మీ ఇంట్లో అలాంటివారు నొప్పంటే, నమ్మండి. ఎక్కడ, ఎలా, ఎప్పుడు అని అడిగి రాసుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి.