సర్కారు సహాయము – సంఘ పాఠశాల



బి.కొత్తకోటలో మన పిల్లలకొక పాఠశాల స్థాపించి, సర్కారు సహాయధనము వేడవలెనని యీ సభకు ప్రతిపాదన వచ్చియున్నది.

పరుల యాజమాన్యమునకు ప్రజాధనమిచ్చుట క్రొత్తగాదు. 1854 నాటి వుడ్డు దొరగారి విద్యాలేఖయే గ్రాంటు పద్ధతిని విధించినది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రము 1991లో శాసనము చేసి, సర్కారు ధనముతో ఫీజు లేక నడచునట్టి చార్టరు పాఠశాలలకు దారి తీసినది. మనయొద్దనో, 2021లో ప్రభుత్వము 1982 నాటి విద్యాచట్టమును సవరించి, ఎయిడెడు సంస్థలను ఆస్తులతో నప్పగింపుడు, లేదా సిబ్బందిని మాత్రమప్పగించి స్వంతముగా నడుపుకొనుడనెను. ఫీజుల భయమున విద్యార్థులును తల్లిదండ్రులును వీథికెక్కిరి. నవంబరులో, పూర్వమువలెనే యుండుటకును వీలు కల్పింపబడెను. సహాయము నిలిచిన నాడు బడి నెట్లు నడుపుదుమో ముందే యోచింపవలయును.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. రాజ్యాంగము 29వ అధికరణము ననుసరించి, సర్కారు సహాయము పొందు విద్యాలయము కులమాత్రముచేత నెవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదు. "మన ధనము, మనవారికే" యని కొందఱు దాతలు మాతో ననిరి. మాకది సమ్మతము గాదు. బడిలో మేము అక్షరక్రమముననే హాజరు పిలిచితిమి. అది మా గొప్ప గాదు, పట్టిక యట్లుండెను.

ప్రతిపాదనలో "మన పిల్లలకు" అను మాటను "ఊరి పిల్లలకు" అని దిద్దినచో, మా ఒక మాసపు పింఛనును నేడే కోశాధికారిగారి చేతికి నిత్తుము.