థైరాయిడ్ మాత్ర - రక్తపరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథములను గూర్చి మాటలాడవలసిన సభలో నేనొక గ్రంథిని గూర్చి మాటలాడుచున్నాను, మన్నింపుడు. చక్కగా చదువు వచ్చినవారు సైతము తమ రక్తపరీక్ష కాగితమును చదువుకొనలేక పొరపడుచున్నారు. ఆ చదువునకును గ్రంథాలయమే తగిన చోటు.

థైరాయిడ్ గ్రంథి కంఠమునందు ముందువైపున నుండును. అది స్రవించు థైరాక్సిన్ తగ్గినచో నీరసము, మలబద్ధకము, మతిమరుపు కలుగును, ఒడలు బరువెక్కును, చలికి ఓర్వలేరు. 1891లో ఇంగ్లండునందు జార్జి ముర్రే అను వైద్యుడు ఇట్టి రోగియైన యొక స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ రసమును సూదిమందుగా నిచ్చెను. ఆమె 1919 వరకు జీవించెను. 1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెండాల్ ఆ రసములోని థైరాక్సిన్‌ను వేఱుచేసెను. నేడు మనము మ్రింగు చిన్నమాత్రలో నున్నది ఆ పదార్థమే.

ఇక పరీక్ష మాట. మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి థైరాయిడ్‌ను పనిచేయుమని పంపు ఆజ్ఞయే టి.ఎస్.హెచ్. వైరా కాలువ చివరి రైతును తలచుకొనుడు. నీరందనిచో ఆతడు కేకలు వేయును, అందినచో ఊరకుండును. టి.ఎస్.హెచ్. అట్టి కేక. సాధారణముగా అది 0.4 నుండి 4 వరకు ఉండును. అంకె పెరిగినచో మందు చాలలేదని యర్థము. మరీ తగ్గినచో మందు ఎక్కువైనదని యర్థము. ఎక్కువైనచో గుండెదడ వచ్చును, ఎముకలు బలహీనపడును.

అంకె సరియైనదని మాత్ర మానువారు పెక్కుమంది. నీరందినది తూము తెరచియుండుటచేతనే గదా! మూసినచో మరల కేకలే. మానిన మందు ఒంటినుండి మెల్లగా పోవును. సగము తగ్గుటకే వారము పట్టును. కావున కొన్నాళ్లు బాగుగనే తోచును, అదియే మోసము. మోతాదు మార్చినప్పుడును ఇంతే. 6 మొదలు 8 వారములకు గాని ఫలితము సరిగా తెలియదు. అంకె కుదిరిన పిమ్మట ఏటికొక పరీక్ష చాలును.

మోతాదు మైక్రోగ్రాములలో నుండును. వేయి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. గ్రంథి పూర్తిగా చెడినవారికి బరువులో కిలో ఒక్కింటికి సుమారు 1.6 మైక్రోగ్రాములు కావలెను. అనగా 60 కిలోలవారికి రమారమి 100. వృద్ధులకును, హృద్రోగులకును 25 లేదా అంతకు తక్కువతో ప్రారంభింతురు. కావున పొరుగువారి మోతాదు మనకు పనికిరాదు.

మాత్రను ఉదయము పరగడుపున మంచినీటితో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు టీ, ఫలహారము ముట్టరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడముండవలెను. గర్భిణులకు ఆరోగ్యకేంద్రములలో ఇచ్చునవి ఈ రెండే! అన్నిటిని ఒక్కమారు మ్రింగినచో థైరాయిడ్ మందు ఒంటబట్టదు. తొలి నెలలలో శిశువు మెదడు తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడును. గర్భమని తెలిసిన వెంటనే వైద్యుని చూచి పరీక్ష చేయించుకొనవలెను, మాత్ర మానరాదు. అప్పుడు మోతాదు తరచు పెంచవలసి వచ్చును. జుట్టుకొఱకు బయోటిన్ వాడువారు పరీక్షకు ముందే ఆ మాట చెప్పవలెను. అది అంకెలను తారుమారు చేయును.

గ్రంథాలయమునకు రిజిష్టరున్నట్లు, ప్రతి రోగియు ఒక పుస్తకములో తేది, మోతాదు, అంకె వ్రాసికొనవలెను. ఆ మూడు వరుసలు చూచిన వైద్యునికి దారి తెలియును. సెలవు.