నెట్‌వర్క్ తీగలో కరెంటు లెక్క



ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుకునే మనకు రెండు భాషల్లోనూ కలిసే మాటల్లో 'కరెంటు' ఒకటి. ఆ కరెంటు ఇప్పుడు స్తంభాల మీది తీగల్లోనే కాదు, కంప్యూటర్లను కలిపే సన్నని నెట్‌వర్క్ తీగల్లో కూడా నడుస్తోంది. దాని లెక్క ఎలా చూసుకోవాలో, చూసుకోకపోతే ఏమవుతుందో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందుగా మా బడిలో జరిగిన సంగతి. హాస్టలు చుట్టూ ఆరు కెమెరాలు పెట్టించాం. నెల తిరగకముందే చిక్కు వచ్చింది. రోజూ పొద్దుగూకగానే గేటు దగ్గరి కెమెరా ఆగిపోయేది. తెల్లవారగానే తనంతట తానే పనిచేసేది. రాత్రి కాపలా పెద్దాయన డ్యూటీకి వచ్చేదీ ఆ వేళకే. ఇంకేముంది, ఆయనే తీగ పీకుతున్నాడని అందరికీ అనుమానం. "నేను ఆ తీగ ముట్టనే లేదు సార్" అని ఆయన ఎంత మొత్తుకున్నా వినేవారు లేకపోయారు. పనిలోంచి తీసేద్దామన్న మాట కూడా వచ్చింది. అంతకుముందు ఒకసారి స్విచ్‌ను చూద్దామని నేనన్నాను.

స్విచ్ అంటే గోడ మీద నొక్కేది కాదు. నెట్‌వర్క్ తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. తీగ గుచ్చే ఒక్కొక్క రంధ్రాన్ని పోర్టు అంటారు. కొన్ని స్విచ్‌లు ఆ తీగలోనే సమాచారంతో పాటు కరెంటునూ పంపుతాయి. ఈ పద్ధతి పేరు పవర్ ఓవర్ ఈథర్‌నెట్. అందువల్ల కెమెరాకు వేరే ప్లగ్గు అక్కర్లేదు.

అయితే స్విచ్ కనిపించిన ప్రతిదానికీ కరెంటు ఇచ్చేయదు. ముందు సుమారు 10 వోల్టులకు మించకుండా తడిమి చూస్తుంది. అవతల దాదాపు 25 వేల ఓముల నిరోధం తగిలితే, ఇది కరెంటు తీసుకోదగిన పరికరమేనని గుర్తిస్తుంది. ఆ తరువాతనే 50 వోల్టులకు అటూ ఇటూగా కరెంటు వదులుతుంది. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వవచ్చు. 100 మీటర్ల తీగలో కొంత వేడిగా పోగా, పరికరానికి చేరుతుందని నమ్మదగినది 12.95 వాట్లు. 2009లో పోర్టు పరిమితి 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పోర్టు పరిమితి వేరు, స్విచ్ మొత్తం ఇవ్వగలిగే శక్తి వేరు. ఇంటి పెద్ద ఆరుగురు పిల్లలకూ తలా పది రూపాయలిస్తానని చెప్పవచ్చు. ఆరుగురూ ఒకే పూట చేయి చాస్తే పెట్టెలో అంత ఉండాలి కదా!

మాది మేనేజ్డ్ స్విచ్. అంటే కంప్యూటరులో దాని పేజీ తెరిస్తే ఏ పోర్టు ఎన్ని వాట్లు వాడుతోందో కనిపిస్తుంది. పగలు ఒక్కో కెమెరా సుమారు 5 వాట్లు, ఆరింటికీ 30 వాట్లు. మా స్విచ్ శక్తి మొత్తం 60 వాట్లు. సగమే కదా అనుకున్నాం. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. చీకటి పడగానే కెమెరాల్లోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగాయి. 5 వాట్లు కాస్తా 11 అయ్యాయి. ఆరింటికి 66! స్విచ్ ఆరో పోర్టును ఆపేసింది. గేటు కెమెరా ఉన్నది ఆ పోర్టులోనే.

మరొక రుజువు కూడా దొరికింది. ఇలాంటి స్విచ్‌లు పోర్టు వారీగా వేరువేరు పద్దులు రాస్తాయి. తీగ పీకితే ఒక అంకె పెరుగుతుంది. శక్తి చాలక కరెంటు ఇవ్వకపోతే మరొక అంకె పెరుగుతుంది. మా ఆరో పోర్టులో పెరిగింది ఆ రెండోదే. నేను ఆ ఇంగ్లీషు పద్దును కమిటీకి కన్నడంలో, పెద్దాయనకు తెలుగులో చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకొని గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రికి గేటు పోర్టుకు ప్రయారిటీ పెంచి, వంటింటి వెనుక కెమెరా ఆగినా ఇది ఆగకుండా చేశాం. తరువాత ఎక్కువ శక్తి ఉన్న స్విచ్ తెప్పించాం.

మీ బడిలోనో, ఆసుపత్రిలోనో, అంగడిలోనో ఇలాంటి ఏర్పాటు ఉంటే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. కొనేటప్పుడు ఎన్ని పోర్టులని మాత్రమే కాక, మొత్తం ఎన్ని వాట్లని కూడా అడగండి. పగటి లెక్కతో తృప్తి పడక, రాత్రి లెక్కనూ చూసి పుస్తకంలో రాసి పెట్టుకోండి. వాడకం నూటికి 80 వంతులు దాటితే హెచ్చరిక వచ్చేలా అమర్చండి. తీగ లోపల పూర్తి రాగి ఉన్నదే కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకే కాని ఎక్కువ వేడెక్కుతుంది, దారిలోనే శక్తిని తినేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పరికరం ఆగిపోయినప్పుడు పక్కనున్న మనిషిని అనుమానించే ముందు పద్దు తెరిచి చూడండి. మా పెద్దాయన ఇప్పటికీ ఆ గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ పొద్దుగూకగానే నన్ను పిలిచి, "కెమెరా వెలుగుతోందా సార్?" అని అడుగుతాడు. వెలుగుతోందని చెప్పాకే కుర్చీలో కూర్చుంటాడు.