పెట్టె వెనుక మిగిలిన చేవ్రాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని లేచి నిలబడితే పాఠశాల చరిత్ర చెబుతుందని మీరు అనుకోవడం సహజం. నేను ఈ పూట వీడియో గేముల గురించి, అందులోనూ నాణెం వేసి ఆడే పాతకాలపు కారు పందెపు ఆటల గురించి మాట్లాడదలచుకున్నాను. మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కాని చివర ఒక వస్తువును అడిగి తీసుకోనిదే మిమ్మల్ని ఇంటికి పంపను.

ఇది ఇరవై ఏండ్లు దాటిన మాట. మన కార్యాలయానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో, ఎక్సెల్ 2000 అనే ప్రోగ్రాములో మార్కుల పట్టిక వేయడం నేర్చుకుంటున్నాను. సెలవులకు ఊరికి వచ్చిన మన పూర్వ విద్యార్థి ఒకడు పక్కనే కూర్చొని నేర్పుతున్నాడు. ఉన్నట్టుండి, "టీచర్, ఈ మార్కుల పట్టిక లోపల ఒక కారు దాక్కోనుండాది, చూపించేదా?" అన్నాడు. "మార్కుల పట్టికలో కారేమిటి నాయనా, ఎగతాళి చేస్తున్నావా?" అన్నాను. అతడు ఒక ఖాళీ పట్టికను ప్రత్యేకమైన పద్ధతిలో భద్రపరచి, మళ్లీ తెరచి, 2000వ వరుసకు వెళ్లి, మూడు మీటలు కలిపి నొక్కిపట్టి ఒకచోట క్లిక్ చేశాడు. పట్టిక మాయమై నల్లని రోడ్డు ప్రత్యక్షమైంది. దాని మీద కారు పరుగెత్తుతున్నది. 1983లో బాలీ మిడ్‌వే సంస్థ తెచ్చిన "స్పై హంటర్" అనే ఆటకు అది అనుకరణ. నన్ను ఆశ్చర్యపరచినది మాత్రం కారు కాదు. ఆ రోడ్డు మీద మనుషుల పేర్లు రాసి ఉన్నాయి. ఎక్సెల్‌ను తయారుచేసినవారి పేర్లు.

పేర్లను అంత లోతున ఎందుకు దాచుకోవలసి వచ్చిందన్న ప్రశ్న ఆనాటి నుండి నన్ను వదలలేదు. ఆ తరువాత తీరిక దొరికినప్పుడల్లా తెలుసుకున్న సంగతులనే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాను.

అమెరికాలోని అటారీ సంస్థ 1974లో "గ్రాన్ ట్రాక్ 10" అనే ఆటను తెచ్చింది. స్టీరింగు, గేరు, పెడళ్లు ఉన్న పెట్టె అది. అక్కడి నుండి జపానులో నామ్కో వారి "పోల్ పొజిషన్" (1982), సెగా వారి "ఔట్ రన్" (1986), "డేటోనా యు.ఎస్.ఏ." (1994) దాకా ఈ ఆటలు పెరుగుతూ వచ్చాయి. ఆడేవానికి కనిపించేది ముందరి తెర మాత్రమే. నాణెం పడే చిన్న తలుపును తాళంతో తెరిస్తే లోపల ఒక టెస్ట్ మీట ఉంటుంది. దానిని నొక్కగానే ఆట ఆగి మరొక లోకం తెరచుకుంటుంది. రంగులు సరిగా ఉన్నాయా అని చూపే పట్టీలు, గీతలు సూటిగా ఉన్నాయా అని చూపే గళ్లు, ఒక్కొక్క శబ్దాన్నీ విడిగా వినిపించే జాబితా, స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పే అంకెలు అక్కడ ఉంటాయి. ఆట ఎంత కష్టంగా ఉండాలి, ఎన్ని నాణేలకు ఒక ఆట అన్నవి నిర్ణయించే చిన్న చిన్న స్విచ్చులు లోపలి బోర్డు మీద ఉంటాయి. ఇవన్నీ మరమ్మతు చేసేవారి కోసం, దుకాణదారు కోసం. ఆటగానికి వాటితో పని లేదు.

అంతకంటె లోతున మరికొన్ని మిగిలిపోతాయి. ఆటను తయారుచేసేటప్పుడు ఎన్నో బొమ్మలు గీస్తారు, ఎన్నో శబ్దాలు కూరుస్తారు. వాటిలో కొన్ని చివరి రూపంలో చోటు పొందవు. చోటు పొందకపోయినా అవి అన్నిసార్లూ చెరిగిపోవు. ప్రోగ్రాములో ఒక భాగానికి మరొక భాగం ముడిపడి ఉంటుంది. ఒకదానిని పెరికివేస్తే వేరొకటి కూలవచ్చు. విడుదల తేదీ మీదికి వస్తుంది. అప్పుడు పనివారు గదిని కూల్చరు, ఆ గదికి పోయే దారిని మాత్రం మూసివేస్తారు. మన పాత భవనంలో ఇటుకలు పేర్చి మూసిన కిటికీ ఉన్నది చూడండి, అచ్చం అలాగే.

పనివారి పరికరమే ఒక్కొక్కప్పుడు పెట్టెలో మిగిలిపోతుంది. జపానులోని కొనామి సంస్థలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామరు "గ్రేడియస్" అనే ఆటను ఇంటి యంత్రానికి మార్చే పనిలో ఉండగా, ఆ ఆట ఆయనకే మరీ కష్టమైనది. కష్టమైన ఆటను చివరిదాకా పరీక్షించాలి గదా! అందుకని కొన్ని మీటలను ఒక వరుసలో నొక్కితే తన విమానానికి సకల శక్తులూ వచ్చేటట్లు ఏర్పాటు చేసుకున్నాడు. 1986లో ఆట విడుదలైనప్పుడు ఆ ఏర్పాటు దానిలోనే ఉండిపోయింది. ప్రపంచంలోని పిల్లలందరూ దానిని కంఠస్థం చేశారు. ఆయన 2020లో మరణించినప్పుడు లోకం ఆయనను ఆ మీటల వరుసతోనే గుర్తు చేసుకున్నది. బడిపంతులుగా నాకు ఈ కథ ఎంతో ఇష్టం. తాను చేసిన పని తనకే కష్టమని ఒప్పుకున్న పనివాని సాక్ష్యం అది.

కావాలని దాచినవి వేరు. అటారీ సంస్థ తన ఆటల మీద ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన 1980లో వెలువడిన "అడ్వెంచర్" అనే ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది కట్టి, దానిలో తన పేరు రాసుకున్నాడు. 15 ఏండ్ల పిల్లవాడొకడు దానిని కనిపెట్టి సంస్థకు జాబు రాశాడు. ఈస్టరు పండుగనాడు పెద్దలు గుడ్లు దాచి పిల్లలతో వెతికించే ఆచారం ఉన్నది గనుక, ఇటువంటి వాటికి "ఈస్టర్ ఎగ్" అనే పేరు స్థిరపడింది. దానికంటె పాతది మరొకటి ఉన్నది. అటారీ వారే 1977లో తెచ్చిన "స్టార్‌షిప్ 1" అనే నాణేల ఆటలో రాన్ మిల్నర్ అనే ఇంజనీరు తన పేరుతో ఒక పలకరింపును దాచాడు. అది లోకానికి తెలిసింది 2017లో. 40 ఏండ్లు ఆ పలకరింపు పెట్టెలోనే వేచి ఉన్నది! దానిని వెలికితీసిన ఎడ్ ఫ్రైస్ ఒకప్పుడు మైక్రోసాఫ్టులో ఎక్సెల్ మీద పనిచేసినవాడే.

మిగిలినదంతా మంచిదని నేను అనను. 2004లో వచ్చిన "గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్" అనే ఆటలో పిల్లలు చూడకూడని ఘట్టాన్ని తీసివేయక, దారి మాత్రం మూసి వదిలివేశారు. 2005లో ఎవరో ఆ దారి తెరిచారు. ఆ ఆట పెద్దలకు మాత్రమే అని ముద్ర మార్చవలసి వచ్చింది, దుకాణాలు దానిని వెనక్కు పంపాయి. మైక్రోసాఫ్టు కూడా 2000 తరువాతి కొద్ది ఏండ్లలోనే దాగుడు ఆటలకు స్వస్తి చెప్పింది. కొన్నవారికి తెలియనిది వస్తువులో ఉండకూడదన్నది వారి వాదం. అది న్యాయమే. పేరును బయటనే వేసి ఉంటే లోపల దాచుకునే అవసరమే రాదన్నది నా వాదం.

ఇప్పుడు నా మనసును కలవరపెట్టిన సంగతి చెబుతాను. 1980ల చివరలో సెగా సంస్థ చేసిన కొన్ని బోర్డులలో, ఆట ప్రోగ్రాము గుప్తలిపిలో ఉంటుంది. దానిని చదివే తాళంచెవి ఒక చిన్న బ్యాటరీ ఆధారంగా జ్ఞాపకంలో నిలుస్తుంది. బ్యాటరీ చచ్చిన నాడు తాళంచెవి పోతుంది. చిప్పులు చెక్కుచెదరవు, బొమ్మలు, శబ్దాలు, దాచిన పేర్లు అన్నీ యథాతథంగా ఉంటాయి. చదివేవారు మాత్రం ఉండరు. ఇటువంటి నష్టాన్ని చూసి కొందరు పూనుకున్నారు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో "మేమ్" అనే ప్రోగ్రామును ఆరంభించాడు. పాత పెట్టెల పనితీరును నేటి కంప్యూటరులో తిరిగి నిలబెట్టే ప్రయత్నం అది. ప్రపంచం నలుమూలల నుండి ఎందరో జీతం లేకుండా దానికి చేయి కలిపారు. మూసిన గదులలో ఏముందో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే, చాలావరకు అటువంటివారి ఓర్పు వల్లనే.

సభాసదులారా, ఇక మన పెట్టెను తెరుద్దాం. నా బల్ల సొరుగులో మూడు రబ్బరు ముద్రలు ఉన్నాయి. ఒకదాని మీద సేలం జిల్లా, ఒకదాని మీద ధర్మపురి జిల్లా, ఒకదాని మీద కృష్ణగిరి జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. మన బడి కదలలేదు, జిల్లాలే దాని మీదుగా నడచిపోయాయి. పాత ముద్రలు ఎవరికీ పనికిరావు. అయినా నాకు ముందున్నవారు పారవేయలేదు, నేనూ పారవేయలేదు. బీరువాలో మొదటి ప్రవేశ పుస్తకాలు ఉన్నాయి. బెల్లం సిరాతో, గుండ్రని తెలుగు అక్షరాలతో రాసినవి. పిల్లవాని పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి ఉన్నాయి. రాసిన పంతులు పేరు మాత్రం ఎక్కడా లేదు. అంచున ఆయన చేసుకున్న కూడికలే ఆయన చేవ్రాలు.

2006 చట్టం తరువాత తమిళం మన పిల్లలకు ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం రావాలి, ఈ నేల మీద బతికేవారికి అది అన్నం పెట్టే భాష. ఆంగ్లం కూడా కావలసిందే. తల్లిదండ్రులు లెక్క వేసుకొని పిల్లలను ఎక్కడ చేర్చాలో నిర్ణయిస్తున్నారు, వారిని నేను తప్పుపట్టను. కాని ఆ ప్రవేశ పుస్తకాన్ని చదవగల పిల్లవాడు ప్రతి తరంలోనూ ఒకడైనా ఈ ఊళ్లలో ఉండాలి. బీరువా, పుస్తకం, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండి చదివే కన్ను లేకపోతే, అది బ్యాటరీ చచ్చిన పెట్టెయే. ఏనాడూ జీతం పెరగని పంతుళ్లు, వంటశాలలో వండిన తల్లులు, గంట కొట్టిన తాతలు ఈ బడిని కట్టారు. శిలాఫలకం మీద వారి పేర్లు లేవు.

అందుకే ఈ సంచికలో, చందా ఇచ్చిన దాతల పేర్ల పక్కన, మాకు దొరికినంతవరకు వారి పేర్లన్నీ బయటనే అచ్చువేయించాము. దొరకనివి ఇంకా ఉన్నాయి.

ఇక నేను అడుగుతానన్న వస్తువు. మీలో కొందరు ఇక్కడి కర్మాగారాలలో వాహనాలు, గడియారాలు చేస్తున్నారు, కొందరు బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తున్నారు. మీ ఇంటి అటకల మీద మీ పాత రఫ్ పుస్తకాలు ఉంటాయి. ఎర్రసిరాతో దిద్దిన వ్యాసం, పంతులుగారు అంచున రాసిన ఒక్క మాట, తప్పుగా చేసి కొట్టివేసిన లెక్క ఉంటాయి. ఫెయిర్ పుస్తకం నాకు వద్దు, అది తెర మీద కనిపించే ఆట. రఫ్ పుస్తకం తెచ్చి ఇవ్వండి. దానిని ఎవరు దిద్దారో గుర్తుంటే అట్ట మీద వారి పేరు రాసి ఇవ్వండి. వాటికోసం గ్రంథాలయంలో ఒక బీరువా ఖాళీ చేయించాను. దానికి తాళం వేయించలేదు.

మన ఐదవ తరగతి పిల్లలు రేపటి నుండి వారానికి ఒక గంట ఆ పుస్తకాలను చదివి, పేర్లు వేరొక పుస్తకంలోకి ఎక్కిస్తారు. మీరు తెచ్చి ఇచ్చినంతే వారు చదవగలరు.