ఊరి ఉన్నత పాఠశాల - పంచాయతీ సభ్యుల బాధ్యత

(శ్రీముఖలింగమున పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడినచోట సాధారణముగా త్రోవలను గూర్చియు, మురుగుకాల్వలను గూర్చియు, వీధిదీపములను గూర్చియు మాటలు సాగును. అవి యన్నియు అవసరములే. కాని నేడు నేను మాటలాడదలచినది మన పిల్లలు ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ఐదేండ్లు గడపెడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను గూర్చి. త్రోవ చెడినచో వచ్చే యేడు బాగుచేసికొనవచ్చును. తొమ్మిదవ తరగతిలో బడి మానిన పిల్లకు ఆ యేడు తిరిగి రాదు. కావున ఈ విషయమునకు మీ సమావేశములలో మొదటి వరుసలో చోటుండవలెనని నా మనవి.

ఈ నేలకు చదువు క్రొత్త కాదు

శ్రీముఖలింగము తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు పలువురు నిర్ణయించినారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయములు నేటికిని నిలిచియున్నవి. వాని స్తంభములమీదను గోడలమీదను నూరుకు పైబడిన శాసనములు కలవు. వానిలో పెక్కు అఖండదీపములకై చేసిన దానములను తెలుపునవి. ఎవరు ఇచ్చిరి, ఏమి ఇచ్చిరి, దానిని ఎవరు నడుపవలెను అను సంగతులు రాతిపై చెక్కియున్నవి. లెక్క వ్రాసి నలుగురి యెదుట నిలుపుట ఈ ఊరిలో నూర్ల యేండ్లనాటి అలవాటన్నమాట.

ఆ శాసనములను తానై చదువ నేర్చుకొన్న ఉపాధ్యాయుడొకడు ఈ చేరువనే పుట్టినాడు. ఆయనయే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు దగ్గరనున్న పర్వతాలపేటలో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరమున చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయి. కొండలలోని సవరల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తలచి, ఆ భాష నేర్చి, తన సొమ్ముతో బడి పెట్టించిన మహనీయుడాయన. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువరించినారు. పుస్తకములలోని భాష ప్రజల నోటి భాషకు దగ్గర కావలెనని జీవితమంతయు పోరాడినారు. నేను ఈ పుస్తకభాషలోనే ఆయనను కొనియాడుచుండుట చూచి మీరు నవ్వుకొనవచ్చును. ఆయన జన్మదినమునే మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

గిడుగువారు చదువు చెప్పిన పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దున కావల పడినది. ఈవలి పల్లెల పిల్లలకు చదువుల పట్టణము అన్యరాష్ట్రమైపోయినది. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చినది. అంతకు పూర్వము జిల్లా బోర్డులు నడుపుచుండిన ఉన్నత పాఠశాలలు పరిషత్తుల చేతికి వచ్చినవి. బడి గుమ్మముపై 'జిల్లా పరిషత్' అని వ్రాసియుండుటకు ఇదియే కారణము. అది ఎక్కడనో ఉన్న సర్కారు బడి కాదు. మీరు ఓటు వేసి ఎన్నుకొను స్థానిక సంస్థ పేర నడచుచున్న బడి.

చదువు నడచు తీరు

బడి జూన్ నెలలో తెరువబడి ఏప్రిల్ వరకు సాగును. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితము, భౌతికశాస్త్రము, జీవశాస్త్రము, సాంఘికశాస్త్రము బోధింపబడును. ఒక్కొక్క విషయమునకు ప్రత్యేక ఉపాధ్యాయుడుండుట ఉన్నత పాఠశాల లక్షణము. అందుచేతనే గణితోపాధ్యాయుని స్థానము ఖాళీపడినచో ప్రాథమిక పాఠశాలలోవలె మరియొకరు సర్దుకొనుట సులభము కాదు. ఏ విషయమునకు ఉపాధ్యాయుడు లేడో ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొని, మండల విద్యాధికారికి తీర్మానపూర్వకముగా వ్రాయుట పంచాయతీ చేయదగిన పని.

2020-21 నుండి పాఠ్యపుస్తకములు ఒక పుటయందు ఇంగ్లీషు, ఎదుటి పుటయందు తెలుగు ఉండునట్లు అచ్చువేయబడుచున్నవి. ఇంటివద్ద తల్లిదండ్రులు తెలుగు పుటను చదివించి, పిల్లవానిచేత అర్థము చెప్పించుకొనవచ్చును. ఏడాదిలో నాలుగు చిన్న పరీక్షలు, రెండు పెద్ద పరీక్షలు జరుగును. వాని మార్కులు చూపుడని ఇంటిలో అడిగినచో, పదవ తరగతి ఫలితము వచ్చువరకు వేచియుండి ఆశ్చర్యపడవలసిన అవసరము రాదు.

పదవ తరగతి ఫలితములు మనకొక పాఠము చెప్పుచున్నవి. కరోనా వ్యాధి మూలమున 2020, 2021 సంవత్సరములలో పరీక్షలు లేకయే అందరును ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. 2022లో పరీక్ష జరుగగా రాష్ట్రమున నూటికి 67.26 మంది మాత్రమే నెగ్గిరి. ఆ పిల్లలు ఎనిమిదవ తరగతి చివర నుండగా 2020 మార్చిలో బడులు మూతపడినవి. నాటి లోటు రెండేండ్ల పిమ్మట లెక్కలోనికి వచ్చినది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతము ఉత్తీర్ణులైరి. గైర్హాజరు వెంటనే కనబడదు. పదవ తరగతిలో ఒక్కమారుగా బయటపడును.

మరియొక సంగతి గమనింపుడు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా మన పొరుగు జిల్లా. కొండలు, గిరిజన గూడెములు గల ప్రదేశము. ధనములో ముందున్న జిల్లా కాదు. అయినను 2023లోను, 2024లోను, 2025లోను ఉత్తీర్ణతలో రాష్ట్రమున ప్రథమస్థానము దానిదే. 2025లో నూటికి 93.90 మంది నెగ్గిరి. పేద జిల్లా వెనుకబడియే తీరవలెనను మాట ఇక చెల్లదు.

బడిలో పిల్లల దినము

ఉదయము ప్రార్థనతో బడి ప్రారంభమగును. దేశమంతట బడులలో చదివెడి ప్రతిజ్ఞను 1962లో రచించినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. ఆయన అప్పుడు విశాఖపట్టణమున ట్రెజరీ ఉద్యోగములో నుండిరి. ఈ సంగతి మన పిల్లలకు తెలిసియుండదగినది. పిమ్మట వార్తలు చదువుట, ఒక మంచి మాట చెప్పుట జరుగును. నలుగురి యెదుట నిలిచి గొంతెత్తి చదువుట ఇక్కడనే అలవడును. రేపు గ్రామసభలో మాటలాడవలసినవారు వీరే.

మధ్యాహ్న భోజనము గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు ననుసరించి మన రాష్ట్రమున 2003 నుండి వండిన అన్నము పెట్టుట మొదలైనది. మొదట చిన్న తరగతులకే యుండి, తరువాత ఉన్నత పాఠశాలలకు విస్తరించినది. అన్నము, కూరలతోపాటు కోడిగ్రుడ్డు, చిక్కి, రాగిజావ కూడ ఇచ్చుచున్నారు. 2024లో ఈ పథకమునకు గోదావరి లంకలలో అన్నదానముచే పేరుగాంచిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ పేరు నిలుపుట వంట చేయువారి చేతిలోనే కాదు, చూచువారి కన్నులలో కూడ నున్నది. నెలకొకమారు వార్డు సభ్యుడు చెప్పకుండ వెళ్లి పిల్లల వరుసలో కూర్చుండి భోజనము చేయవలెను. బియ్యములో పురుగున్నదో, పప్పు పలుచనైనదో, నీరు బాగున్నదో అప్పుడు తెలియును. తప్పు పట్టుటకే పోరాదు. వంటచేయు స్త్రీలకు కట్టెలు, నీరు, గిన్నెలు, సకాలమున బిల్లులు అందుచున్నవా అనియు అడుగవలెను.

ఆటల పీరియడును చదువుకు అడ్డమని తలచువారు కొందరు కలరు. ఆమదాలవలస చేరువ ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి కాంస్యపతకము గెలుచుకొన్నారు. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ మన జిల్లా ఆడపడుచే. ఆటస్థలము ఆక్రమణకు గురికాకుండ కాపాడుట, నూర్పిళ్లకును గడ్డివాములకును దానిని విడువకుండుట పంచాయతీ ధర్మము.

గ్రంథాలయము మాటకు వత్తును. 1960 నాటి గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపన్ను వసూలగుచున్నది. వసూలు చేయువారు మీరే. ఆ మొత్తమును జిల్లా గ్రంథాలయ సంస్థకు సరిగా జమచేసి, మా పిల్లలకు పుస్తకములేవని అడుగు హక్కు మీకు కలదు. జమచేయని పంచాయతీకి అడుగుటకు నోరు లేదు.

ఆలయమున్న ఊరి బడికి మరియొక భాగ్యము కలదు. సాంఘికశాస్త్రమున గాంగుల పాఠము వచ్చినప్పుడు పిల్లలను మధుకేశ్వరాలయమునకు నడిపించి శాసనము చూపవచ్చును. వంశధార ఒడ్డున నిలిపి, ఈ నది ఒడిశా కొండలలో పుట్టి కళింగపట్టణమువద్ద సముద్రమున కలియునని చెప్పవచ్చును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నది ఎట్లు పొంగెనో పెద్దలచేత చెప్పింపవచ్చును. మహాశివరాత్రి యాత్ర పిమ్మట ఏటియొడ్డున పేరుకొనెడి చెత్తను చూపి పారిశుద్ధ్యము బోధింపవచ్చును.

బడి మానుట అను చిక్కు

ఇప్పుడు అసలు కష్టమును చెప్పెదను. 2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళము జిల్లాయందు అక్షరాస్యులు నూటికి 61.74 మంది. పురుషులలో 71.61, స్త్రీలలో 52.08. అనగా నాటి లెక్కను బట్టి స్త్రీలలో ఇంచుమించు సగముమందికి చదువు రాదు. నేటి ఉన్నత పాఠశాల బాలికల తల్లులు, అమ్మమ్మలు ఆ లెక్కలోనివారే. కూతురికి పాఠము చెప్పలేని తల్లి యున్న యింటిలో బడి ఒక్కటే దిక్కు.

మన ప్రాంతమునుండి కూలికై విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నైకి వలసపోవు కుటుంబములు పెక్కు. పోవునప్పుడు పిల్లలను వెంట తీసికొనిపోయిన బడి పోవును. అవ్వవద్ద విడిచిపోయిన, పిల్లవాడు బడికి పోవుచున్నాడో లేదో చూచువారుండరు. ఆడపిల్ల యెడల మరియొక భయము: సంబంధము వచ్చినది, కట్నము తక్కువ, చేసివేయుదము అందురు. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. ఆ లగ్నపత్రిక ఎవరింట వ్రాయుచున్నారో మొదట తెలియునది పోలీసులకు కాదు, వార్డు సభ్యునికి.

చదివినందున ఏమి వచ్చునని అడుగువారికి చెప్పవలసినవి రెండు కలవు. ఎనిమిదవ తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష కలదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులలో చదువు పేద పిల్లలు దానిలో ఎంపికైనచో తొమ్మిదవ తరగతి మొదలు ఇంటరు వరకు ఏటికి 12,000 రూపాయలు లభించును. రెండవది, పదవ తరగతి మార్కులను బట్టి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆరేండ్ల ఇంజనీరింగు చదువునకు ప్రవేశము దొరకును. ప్రభుత్వ బడి పిల్లలకు అందు అదనపు మార్కుల సదుపాయమున్నది. మన జిల్లాలోనే ఎచ్చెర్లవద్ద దాని శాఖ నడచుచున్నది. ఈ రెండు సంగతులు తెలియకపోవుటచేతనే ఎందరో పిల్లలు దరఖాస్తు చేయరు. తెలియజేయుట ఖర్చులేని పని.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగ 73వ సవరణచే చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య పంచాయతీ సంస్థలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులుండవలెను; సభ్యులలో సగము స్త్రీలుండవలెను; స్థానిక సంస్థ ప్రతినిధులకును అందు స్థానము కలదు. హక్కు కాగితముమీద నున్నది. దానిని వాడుకొనుట మన పని.

మొదట, ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులో ఆరు మొదలు పది వరకు చదువు పిల్లల పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఒక వార్డులో అట్టివారు ఇరువదిమందియో ముప్పదిమందియో ఉందురు. అంతమందిని ఎరిగియుండుట కష్టము కాదు. రెండవది, బడి తెరచిన పదునైదు దినములకును, సంక్రాంతి సెలవుల పిమ్మటను ఆ పేర్లను హాజరుపట్టీతో సరిచూడవలెను. బడి మానువారు ఎక్కువగా జారిపోవునది ఈ రెండు వేళలందే. మూడవది, పేరు తప్పిన యింటికి ఉపాధ్యాయుడు ఒంటరిగా పోరాదు, సభ్యుడు తోడుపోవలెను. పంతులు మాట వినని తండ్రి పొరుగువాని మాట వినును. నాల్గవది, మంచినీరు, మరుగుదొడ్లు, ప్రహరీగోడ, బడి త్రోవలో దీపము - వీనిని ప్రతి గ్రామసభలో చర్చింపవలెను. మరుగుదొడ్డికి తలుపు లేకపోవుట ఎదిగిన బాలికకు బడి తలుపు మూసినట్లే.

ఒక హెచ్చరిక కూడ. పాఠము చెప్పు విధము ఉపాధ్యాయునిది. తరగతి నడుచుచుండగా లోనికి పోయి ప్రశ్నించుట, ఊరి కక్షలను బడి వరండా యెక్కించుట, ఉపాధ్యాయుని బదిలీకై సంతకములు సేకరించుట పంచాయతీ పని కాదు. పార్టీలు ఎన్ని యున్నను పిల్లల పేర్లు వ్రాయు పుస్తకము ఒక్కటిగా నుండవలెను.

గిడుగువారు ఒక్కరే, సొంత సొమ్ముతో, తనది కాని భాష నేర్చి కొండపిల్లలకు చదువు చెప్పించిరి. మనకు బడి కట్టియున్నది, ఉపాధ్యాయులున్నారు, అన్నము వండుచున్నారు, పుస్తకములు వచ్చుచున్నవి. కొరవడినది, ఈ దినము బడికి రాని పిల్ల ఎవరని అడుగు మనిషి. ఆ మనిషి ప్రతి వార్డులో ఒకరున్నారు. వారే మీరు. వచ్చు సమావేశమునకు మీ మీ వార్డుల పట్టికలు తెచ్చెదరని నమ్ముచున్నాను.