అధ్యాపకులు, ఆన్‌లైన్ వేదికలు: కొలత సంగతి

ఆన్‌లైన్ బోధన వేదికల మీద అధ్యాపకులకున్న అభిప్రాయం వేరు, వాటిని వాళ్లు వాడే తీరు వేరు. చాలా సర్వేలు మొదటిది అడిగి, రెండోది కూడా తేలిపోయినట్టు రాసేస్తాయి.

అభిప్రాయాన్ని కొలిచే పద్ధతి పాతదే. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ దాకా మెట్లు కట్టే స్కేలును రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రతిపాదించాడు. కొత్త సాధనం తన పనికొస్తుందనీ, వాడడం తేలికనీ నమ్మినవాడే దాన్ని చేపడతాడని 1989లో ఫ్రెడ్ డేవిస్ సూత్రీకరించాడు. నేటి ప్రశ్నావళుల్లో చాలావాటికి మూలం అదే. జవాబుల మధ్య పొందికను క్రోన్‌బాక్ ఆల్ఫా అనే కొలమానం చూపిస్తుంది. పొందిక కుదిరితే జవాబు నిజమైపోదు. ఆల్ఫా బాగా వచ్చిందని సంబరపడే పరిశోధకులకు ఇది రుచించని మాట.

వాడకం లెక్క ఇంకా చిక్కు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఇష్టం లేనివాళ్ల చేత కూడా ఆన్‌లైన్ పాఠాలు చెప్పించింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ 2017లో మొదలైంది. అందులోని కోర్సుల నుంచి 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. నిబంధన పెంచిన వాడకాన్ని ఇష్టం కింద జమకట్టకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటి చోట స్థానిక సంగతులూ లెక్కలోకి రావాలి. సూర్యదేవాలయం ఉన్న అరసవల్లిలో కాపురముండే అధ్యాపకుడు రథసప్తమి వారంలో, ఇంటినిండా చుట్టాలుండగా, వేదిక తెరవకపోవచ్చు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం ఊళ్లను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. లాగిన్ పట్టికలో ఈ రెండూ సున్నాలే. అయిష్టం కూడా సున్నాగానే కనిపిస్తుంది. అందుకే కరెంటు, సిగ్నల్, సెలవుల వివరం విడిగా రాసుకోవాలి.

ప్రశ్న కూడా పనినే పట్టుకోవాలి. ‘తరచుగా వాడతారా?’ అంటే సెమిస్టర్‌కోసారి పీపీటీ పెట్టేవారూ, వారం వారం క్విజ్ నడిపేవారూ ఒకే గడిలో టిక్కు పెడతారు. ‘గత వారం ఎన్ని అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో దిద్దారు?’ అంటే తేడా బయటపడుతుంది.

ఇప్పుడు విశ్వవిద్యాలయాల నుంచి పట్టాలు అందుకుంటున్నవారిలో కొందరు రేపు ఇలాంటి సర్వేలు చేస్తారు, మరికొందరు అధ్యాపకులై జవాబులిస్తారు. ఫారాల మీద పేర్లు రాయించి విభాగాధిపతి బల్ల మీద పోగుచేయిస్తే మాత్రం అందరూ ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అనే రాస్తారు.