మూలప్రతి తాళపుచెవి

కంప్యూటరులో తెలుఁగు వ్రాయుటకు ‘మండలి’ యను ఫాంటు, అనఁగా నక్షరముల యచ్చు, 2013లో వెలువడినది. 1977 నాఁటి మన దివిసీమ యుప్పెనలో సేవచేసిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరే దానికిఁ బెట్టిరి. పురుషోత్ కుమార్ గుత్తులగారు నిర్మింపఁగా సిలికానాంధ్రవారు స్వేచ్ఛానుమతితో నొసంగిరి. ఎవరైనను గైకొని మార్చుకొనవచ్చును.

ఇట్టి కృతులలో మూలప్రతిని దిద్దు నధికారము మాత్రము కొందఱిదే. అన్యాయమందురా? కాలువనీ రెల్లరిది, తూము తాళపుచెవి లస్కరుది. గట్టు తెగిననాఁడు నడిరేయి లేవవలసినవాఁడును నాతఁడే. మూలరక్షకుఁడును వచ్చిన ప్రతి సవరణను జదివి, పరీక్షించి, తగనిచోఁ గారణము చెప్పి త్రిప్పిపంపవలయును. మూలమున నొక్క వత్తు చెడిన, క్రొత్తప్రతి గొన్నవారందఱి పుటలలోను జెడును. పలుమాఱు జీతములేని కొలువు! ఓపిక యుడిగినచోఁ దాళపుచెవి వేఱొకరి కప్పగించి మఱి తప్పుకొనవలయును. లేకున్న నితరులు పంపిన మంచి సవరణలును గుమ్మముకడనే పడియుండును.